మా ఇంట్లో వెండి వేట

మా డైనింగ్ టేబుల్ మీద కూర్చుని అన్నం తిని నాలుగు నెలలైంది. శని, ఆదివారాల్లో అయితే ఆ చుట్టుపక్కలకి కూడా వెళ్ళనివ్వరు. కంచాలు పట్టుకుని వంటింటి గట్టు దగ్గర నిలబడి తింటున్నాం, పెళ్ళిలో బఫేకి వెళ్ళినట్టు. ఎందుకంటే టేబుల్ నిండా చిల్లర. వందలు కాదు, వేలు.

మా వాళ్ళు వెండి వెతుకుతున్నారండీ.

బ్యాంకుకి వెళ్ళి నోట్లిచ్చి కాగితం చుట్టిన చిల్లర రోల్స్ తెచ్చుకోవడం, ఒక్కొక్క నాణెం తిప్పి సంవత్సరం చూడడం, వెండిది దొరికితే పక్కన పెట్టుకుని దాని బదులు మామూలు నాణెం వేసి, మిగతాదంతా మళ్ళీ బ్యాంకులో ఇచ్చేయడం. ఇదీ పని. దీనికి ఇక్కడ కాయిన్ రోల్ హంటింగ్ అని పేరు కూడా ఉంది. మొదటిసారి విన్నప్పుడు నేను కూడా మీలాగే అనుకున్నాను, బ్యాంకులో వెండి నాణేలు ఎందుకుంటాయి, ఉంటే వాళ్ళు మనకెందుకిస్తారు అని.

ఉంటాయిట. అమెరికాలో 1964 దాకా వేసిన డైమ్, క్వార్టర్, హాఫ్ డాలర్, అంటే పది సెంట్లు, పాతిక సెంట్లు, యాభై సెంట్ల బిళ్ళలు, నూటికి తొంభై పాళ్ళు వెండి. వెండి ధర పెరుగుతూ, చిల్లర కరువై, జనం దాచుకోవడం మొదలుపెడితే 1965 జూలైలో ప్రెసిడెంట్ జాన్సన్ కొత్త చట్టం మీద సంతకం పెట్టారు. అప్పటినుంచి డైముల్లో, క్వార్టర్లలో వెండి పూర్తిగా పోయింది. లోపల రాగి, పైనా కిందా రాగీ నికెల్ కలిపిన రేకు. హాఫ్ డాలర్‌లో మాత్రం 1970 దాకా నలభై పాళ్ళు వెండి ఉంచారు. 1971 నుంచి అదీ లేదు. కానీ పాతవి చెల్లవని ఎవరూ అనలేదు. వెండి క్వార్టరైనా, రేకు క్వార్టరైనా కొట్లో పాతిక సెంట్లే.

ఇలాంటప్పుడు ఏమవుతుందో మనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పర్సులో ఒక చిరిగిన నోటు, ఒక పెళపెళలాడే కొత్త నోటు ఉంటే కూరగాయలవాడికి ఏది ఇస్తాం? మంచిది దాచుకుని చిరిగింది అంటగడతాం. దేశమంతా అదే చేసింది. కొన్నేళ్ళలో వెండివన్నీ బీరువాల్లోకి, డబ్బాల్లోకి వెళ్ళిపోయాయి. 1980లో వెండి ధర ఒక్కసారిగా ఎగిసినప్పుడు ఎన్నో కొలిమిలోకి కూడా వెళ్ళాయి. అయినా ఎక్కడో ఒక డబ్బా మిగిలిపోతుంది, ఎవరో చూసుకోకుండా బ్యాంకులో వేస్తారు, అవి రోల్స్‌లోకి వస్తాయి. మా వాళ్ళ ఆశంతా వాటి మీదే.

ఈ పిచ్చి మొదలుపెట్టింది మా పిల్లాడు. పదకొండేళ్ళు. యూట్యూబ్‌లో ఎవరో హాఫ్ డాలర్ల పెట్టె విప్పుతూ ఉంటే కన్నార్పకుండా చూసి, వాళ్ళ నాన్నని పట్టుకున్నాడు. హాఫ్ డాలర్లే ఎందుకంటే వాటిని ఇక్కడ ఎవరూ వాడరు, అందుకని పాతవి ఇంకా తిరుగుతుంటాయిట. ఒక రోల్‌లో 20, పది డాలర్లు. పెట్టెలో 50 రోల్స్, అంటే వెయ్యి నాణేలు, ఐదు వందల డాలర్లు. మావారు వడ్డీ లేని అప్పు కింద ఐదు వందలు ఇచ్చారు. "ఎక్కడికీ పోవులే, మళ్ళీ బ్యాంకులోకే కదా" అని నాకు సర్దిచెప్పారు. నిజమే, అసలు పోదు. కానీ ఒక బ్యాంకులో తెచ్చి ఇంకో బ్యాంకులో వెయ్యాలి. తెచ్చినచోటే వేస్తే చూసినవే మళ్ళీ చేతికొస్తాయి, పైగా ఆ టెల్లర్లు మనల్ని చూడగానే మొహం తిప్పుకుంటారు. ఆ తిరుగుడుకి కారులో పోసే గ్యాస్ లెక్క నేను వేశాను గానీ ఇంట్లో ఎవరూ వినలేదు.

మొదటి పెట్టెలో వెయ్యికి మూడు దొరికాయి. మూడూ నలభై పాళ్ళవే. వాడు గంతులేశాడు. రెండో పెట్టెలో ఏమీ లేదు. మూడోది తెచ్చేనాటికి వాడికి సగం విసుగొచ్చేసింది, పిల్లలు కదా. సరిగ్గా అప్పుడే మా మామయ్యగారు వచ్చారు.

మామయ్యగారి గురించి కాస్త చెప్పాలి. ఆర్టీసీలో కండక్టరుగా ముప్పై ఏళ్ళపైన చేసి రిటైరయ్యారు. ఊరు తెనాలి. పోయిన శ్రావణంలో అత్తయ్యగారు పోయారు. సంవత్సరీకం అయ్యాక, ఒక్కరూ ఆ ఇంట్లో ఎందుకని మావారు పట్టుబట్టి ఆరు నెలలకి రప్పించారు. అక్టోబరు చివర్లో కొలంబస్‌లో దిగారు, అప్పుడే చలి మొదలైంది. ఇక్కడ ఒహాయోలో చలికాలం ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. సాయంత్రం ఐదున్నరకే చీకటి. రోడ్డు మీద మనిషి కనబడడు. జీవితమంతా రోజుకి ఐదు వందల మంది మొహాలు చూసిన మనిషి, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని వచ్చీపోయే కార్లు లెక్కపెట్టేవారు. ఏం పెట్టినా తినేవారు, ఏం అడిగినా "బానే ఉందమ్మా" అనేవారు. ఉప్పు ఎక్కువైందనైనా అంటే బాగుండునని నాకు అనిపించేది.

మావారికీ ఆయనకీ మాటలు మొదటినుంచీ తక్కువే. గొడవలేం లేవు. ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు ఈయన నిద్రపోయేవారు, ఈయన కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు ఆయన నైట్ సర్వీసులో ఉండేవారు. మధ్యలో అత్తయ్యగారు ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేవారు. ఇప్పుడు ఆ పోస్టాఫీసు మూతపడింది. "మందులు వేసుకున్నావా నాన్నా", "వేసుకున్నారా", అంతే. ఆ తర్వాత ఈయన లాప్‌టాప్ ముందు, ఆయన కిటికీ ముందు.

ఆ రోజు మా వాడు టేబుల్ మీద మూడో పెట్టె విప్పి, పది రోల్స్ చూసి, "బోరింగ్" అని లేచి వెళ్ళిపోయాడు. చిల్లర చప్పుడికి మామయ్యగారు లేచి వచ్చారు. ఒక గుప్పెడు తీశారు. మీరు చూడాలి ఆ చెయ్యి! ఎడం అరచేతిలో నాణేలు దొంతర పడ్డాయి, బొటనవేలితో ఒక్కొక్కటీ టపటపా తోస్తున్నారు, చూడకుండానే. నాలుగేసి చొప్పున ఐదు తోపులు, ఇరవై. "చీకట్లో లెక్కపెట్టే అలవాటు తల్లీ, బస్సులో లైట్లెక్కడ వెలిగేవి" అన్నారు. వచ్చిన మూడు వారాల్లో అంత పెద్ద మాట అదే మొదటిసారి.

మా వాడు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "తాతయ్యా, హౌ డిడ్ యూ డూ దట్?" అని. వాడికి తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. ఆయనకి ఇంగ్లీషు రాదు. అలాగే మొదలుపెట్టారు.

వాడు ఆయనకి అంచు చూడడం నేర్పాడు. రేకు నాణేనికి అంచున ఎర్రగా రాగి చార కనిపిస్తుంది. తొంభై పాళ్ళ వెండిదైతే అంచంతా తెల్లగా ఒకటే రంగు. నలభై పాళ్ళది కొంచెం మసకగా, మధ్యస్థంగా. ఆయన వాడికి చప్పుడు నేర్పారు. వేలి కొసమీద పెట్టి ఇంకో నాణెంతో తడితే వెండి గుళ్ళో చిన్న గంటలా సాగుతుంది, రేకుది టక్కుమని ఆగిపోతుంది. ఇద్దరూ కలిసి ఇరవై నాణేలూ ఒక కర్రలా పేర్చి, అంచుల మీదుగా ఒక్క చూపు చూసి తేల్చే పద్ధతి పెట్టుకున్నారు. పెట్టె గంటన్నరలో అయిపోయేది.

కానీ రెండో రోజే మామయ్యగారు ఒక మెలిక పెట్టారు. "ఒరే కన్నా, ఇది వెండి అని ఆ బ్యాంకు వాళ్ళకి తెలుసా?"

"తెలీదు తాతయ్యా. అదే కదా ఫన్."

"తెలియకుండా తీసుకుంటే తప్పు కదరా."

ఆయన లెక్క అది. డిపోలో రాత్రి పదకొండింటికి క్యాష్ కట్టేటప్పుడు రూపాయి తక్కువైతే జేబులోంచి వేసిన మనిషి. చిల్లర లేకపోతే టికెట్టు వెనక రాసి, దిగేటప్పుడు పిలిచి మరీ ఇచ్చేవారని తెనాలిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎంత చెప్పినా ఆ రోజు ఇంక నాణెం ముట్టుకోలేదు. చివరికి తాతామనవలిద్దరినీ నేనే బ్యాంకుకి తీసుకెళ్ళాను. మా వాడు టెల్లర్ అమ్మాయిని సూటిగా అడిగాడు, ఇందులో వెండి ఉంటే మేం ఉంచుకోవచ్చా అని. ఆ అమ్మాయి నవ్వి, మాకు అర డాలరు అంటే అర డాలరే, మీరు డబ్బిచ్చి కొన్నారు, అది మీదే అంది. వాడు తెలుగులోకి మార్చి చెప్పాడు, "అది నీదే అంట తాతయ్యా." అప్పుడు ఆయన ఊపిరి పీల్చుకున్నారు. ఆ అమ్మాయికి నమస్కారం కూడా పెట్టారు.

ఆ తర్వాత లెక్కలు. మా వాడి నోటుబుక్కు తీసుకుని కండక్టర్లు ట్రిప్పు ట్రిప్పుకీ రాసే ఎస్సార్ కాగితంలా గళ్ళు గీశారు. తేదీ, పెట్టె, ఎన్ని చూశాం, ఎన్ని దొరికాయి, ఏ సంవత్సరం, సంతకం. రోజూ ఇద్దరూ సంతకం పెట్టాలి. వాడి సంతకం తెలుగులో ఉండాలని షరతు. నేను మూడేళ్ళుగా ఆదివారం తెలుగు బడికి తిప్పి నేర్పించలేనిది, ఆ గడిలో సంతకం కోసం వాడు వారంలో నేర్చుకున్నాడు. ఒత్తులతో సహా. నాకు సంతోషమే, కొంచెం ఉక్రోషం కూడా వచ్చిందనుకోండి.

క్రిస్మస్ నాటికి ఎనిమిది పెట్టెలు. ఎనిమిది వేల నాణేల్లో నలభై పాళ్ళవి ఇరవై మూడు, తొంభై పాళ్ళవి నాలుగు. నలభై పాళ్ళదాంట్లో నాలుగున్నర గ్రాముల చిల్లర వెండి ఉంటుంది, తొంభైదాంట్లో పదకొండుంపావు. మొత్తం నూటయాభై గ్రాములు. రెండు నెలల కష్టానికి ఒక మంచి మంచినీళ్ళ గ్లాసంత వెండి అని నేను లెక్క తేల్చాను. దొరికిన నాలుగులో మూడు 1964వే, కెనెడీ బొమ్మవి. ఆయన్ని చంపేసిన కొద్ది నెలలకే వచ్చాయట ఆ నాణేలు, జనం గుర్తుగా దాచేసుకున్నారు. "మనవాళ్ళు పటం కట్టించుకున్నట్టు" అన్నారు మామయ్యగారు. మధ్యలో నికెళ్ళు కూడా చూశారు. రెండో ప్రపంచ యుద్ధంలో నికెల్ లోహం కరువై 1942 నుంచి 1945 దాకా ఐదు సెంట్ల బిళ్ళల్లో ముప్పై ఐదు పాళ్ళు వెండి వేశారట, గుర్తుగా వెనక భవనం బొమ్మ పైన పెద్ద అక్షరం ఉంటుంది. ఒకటే దొరికింది, నల్లగా, మాడిన అప్పడంలా. అదే మా వాడికి అన్నిటికంటే ఇష్టం.

జనవరిలో ఒక మంచు రోజు, ఆ టెల్లర్ అమ్మాయే పిలిచి, ఎవరో కస్టమర్ చేత్తో చుట్టిన హాఫ్ డాలర్ల రోల్స్ నిన్న ఇచ్చి వెళ్ళారు, కావాలా అంది. మూడు రోల్స్. ముప్పై డాలర్లు. ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెట్టాం. కాగితం పాతబడి గోధుమరంగులోకి తిరిగింది. ఒక్కోదాని మీదా పెన్సిల్‌తో సంవత్సరాలు రాసి ఉన్నాయి, వంకరలేని చిన్న అంకెలు. మా వాడు ఒకటి విప్పాడు. ఇరవైకి ఇరవై తెల్లటి అంచులు. అన్నీ ఫ్రాంక్లిన్ బొమ్మవి, వెనక పగిలిన గంట. 1948 నుంచి 1963 దాకా వేసినవి, ఒక్కటి కూడా రేకుది ఉండదు. మూడు రోల్సూ అంతే. అరవై!

వాడి కేకకి మావారు మీటింగ్ మధ్యలో పరిగెత్తుకొచ్చారు. అరవై ఇంటూ పదకొండుంపావు అని ఫోనులో వేసి, "ఆరు వందల డెబ్భై ఐదు గ్రాముల వెండి!" అన్నారు. ముప్పై డాలర్లకి. ఆ కుర్రాళ్ళు వీడియోల్లో ఏళ్ళ తరబడి కలలు కనేది దీని గురించే.

మామయ్యగారు మాత్రం నాణేలు చూడడంలేదు. ఆ కాగితం పట్టుకుని వెలుతురులో పెట్టి చూస్తున్నారు. "ఇది చిల్లర కాదురా. ఎవరో పెద్దాయన కూర్చుని ఏడాది వారీగా సర్దుకున్నాడు. ఇరవై కాగితాలు రాశాడో, ముప్పై రాశాడో. ఆయన ఉంటే బ్యాంకులో వెయ్యడు."

ఎవరం మాట్లాడలేదు. ఆయన అన్నది నిజమేనని అందరికీ తెలుస్తూనే ఉంది.

"ఇచ్చేద్దాం" అన్నారాయన.

"ఎవరికి నాన్నా? బ్యాంకుకి ఇస్తే ఇంకెవరో తీసుకుంటారు. రూల్ ప్రకారం మనవే" అన్నారు మావారు. అదీ నిజమే. నేనెటు మాట్లాడినా ఒకరికి కోపం వస్తుంది, కాబట్టి టీ పెట్టాను.

మళ్ళీ బ్యాంకుకి వెళ్ళాం. కస్టమరు పేరు చెప్పడం కుదరదన్నారు, చెప్పకూడదు కూడా. కానీ మేనేజరు విని, కావాలంటే నేనే ఫోన్ చేసి అడుగుతానన్నారు. మామయ్యగారు మూడు రోల్సూ మళ్ళీ అలాగే చుట్టి, ముట్టుకోకుండా పక్కన పెట్టించారు. ఐదో రోజు ఫోనొచ్చింది. వేసింది ఆయన కూతురేనట. వాళ్ళ నాన్న పోయారు, ఇల్లు ఖాళీ చేస్తోంది. అవి వెండివని ఆవిడకి తెలుసు. వాటిని పట్టుకుని కొట్ల చుట్టూ తిరిగే తీరిక లేదు, ఎవరో చిన్నబ్బాయికి దొరికితే మంచిదే, ఉంచుకోమనండి అందట.

మా వాడు ఎగిరి గంతేశాడు. మామయ్యగారు తలూపారు. "తెలుసట" అన్నారు. కాసేపాగి మళ్ళీ అన్నారు, "తెలిసే వేసిందట."

ఆవిణ్ణి నేనేమీ అనను. ఒక ఇల్లు ఖాళీ చెయ్యడమంటే ఏమిటో చేసినవాళ్ళకే తెలుస్తుంది. వంటపాత్రలు, మందుల సీసాలు, కళ్ళజోళ్ళు, ఎవరూ వేసుకోని స్వెట్టర్లు. అన్నిటికీ తీరిక ఎక్కడ దొరుకుతుంది, మళ్ళీ సోమవారం ఆఫీసు. ఆవిడ ఆ మూడు రోల్స్ చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడిందో మనకేం తెలుసు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామయ్యగారు మజ్జిగ కలుపుకుంటూ, "మీ అమ్మవి కూడా ఉన్నాయి" అన్నారు. మావారు తలెత్తారు. "వెండి రూపాయలు. వాళ్ళమ్మ ఇచ్చినవి. ఇరవై ఒకటి. బియ్యం డ్రమ్ములో పెట్టేది."

మావారికి ఆ సంగతే తెలీదు. నాకూ తెలీదు. ఆయన గొంతు తగ్గించి, "వచ్చేముందు బియ్యం పురుగు పడుతుందని డ్రమ్ముతో సహా పక్కింటివాళ్ళని తీసుకోమన్నాను" అన్నారు. ఎందుకు ఈ ఐదు రోజులూ ఆయన సరిగ్గా నిద్రపోలేదో అప్పుడర్థమైంది.

శనివారం రాత్రి తొమ్మిదికి, అంటే అక్కడ ఆదివారం పొద్దున్న ఏడున్నరకి, మా వదిన గుంటూరు నుంచి తెనాలి వెళ్ళి ఇంటి తాళం తీసి వీడియో కాల్ చేసింది. మేం నలుగురం ఫోను చుట్టూ. పక్కింటివాళ్ళు నిజాయితీపరులు, డ్రమ్ము తీసుకున్నారు, బియ్యం జల్లించారు, అందులో ఏమీ లేదన్నారు. పూజ అలమరాలో లేవు. బీరువాలో లేవు. పట్టుచీరల మడతల్లో లేవు. అటక మీద జాడీలన్నీ దింపింది పాపం, తుమ్ముతూ. మామయ్యగారు ఇక్కణ్ణించి "ఆ మూల చూడమ్మా, ఆ మూల" అంటున్నారు, వినబడితే కదా.

మగవాళ్ళు వెతికితే మగవాళ్ళు దాచేచోటే వెతుకుతారు. నాకు అత్తయ్యగారు పురిటికి ఇక్కడికి వచ్చినప్పటి సంగతి గుర్తొచ్చింది. తన గాజులు తీసి కుంకుడుకాయల సంచిలో పెట్టుకునేవారు. అడిగితే, "దీన్ని ఎలకా ముట్టదు, చీమా ముట్టదు, మీ మామయ్య అసలే ముట్టడు" అన్నారు.

"వదినా, కుంకుడుకాయల డబ్బా ఉందా చూడండి."

బాత్‌రూమ్ గూట్లో, పాత డాల్డా డబ్బా. వదిన వంచితే కుంకుడుకాయలు గలగలా రాలాయి, వాటి వెనకే ఒక గుడ్డ మూట. నేల మీద పరిచింది. ఐదో జార్జివి, కొన్ని కిరీటం లేని ఎడ్వర్డువి. ఆ రోజుల్లో రూపాయి అంటే తులం ఎత్తు, పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. రూపాయి అన్న పేరే వెండి నుంచి వచ్చింది మరి. మా వాడు తెలుగులో లెక్కపెట్టాడు, స్క్రీన్ మీద వేలుపెట్టి. పదహారు.

"ఐదు తక్కువ" అన్నారు మామయ్యగారు వెంటనే. కండక్టరు కదా.

వదిన నవ్వడం మొదలుపెట్టింది. "ఆ ఐదూ మీ దగ్గరే ఉన్నాయి నాన్నా. అమ్మ కంసాలికిచ్చి వీడికి ఉగ్గుగిన్నె చేయించింది కదా. కొత్త వెండి కొంటే కల్తీ ఉంటుందని, తన రూపాయలే కరిగించింది. నన్ను కూడా తీసుకెళ్ళింది. నీకు చెబితే ఒప్పుకోవని చెప్పద్దంది."

ఉగ్గుగిన్నె మా దేవుడి గూట్లో ఉంది. వాడి అన్నప్రాసన అయ్యాక అందులో అక్షింతలు పోసి పెట్టాను, పదేళ్ళుగా అక్కడే. మా వాడు పరిగెత్తి తెచ్చాడు, అక్షింతలు హాలంతా చల్లుకుంటూ. నాణేలు తూచే చిన్న కాటా మీద పెట్టాడు. యాభై రెండు గ్రాములు. ఐదు తులాలంటే యాభై ఎనిమిది ఉండాలి.

"ఆరు గ్రాములు తరుగు తీశాడు" అన్నారు మామయ్యగారు. ఆ మాట ఎంత కోపంగా అనాలనుకున్నారో గానీ గొంతు సహకరించలేదు. మావారు లాప్‌టాప్ మూసి వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. ఆ రాత్రి ఇద్దరూ ఒంటిగంట దాకా మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, నేల మీద అక్షింతలు ఏరుకుంటున్నాను.

ఆ అరవై ఫ్రాంక్లిన్‌లని ఎస్సార్ బుక్కులో రాయలేదు. ఆ పెన్సిల్ కాగితాల్లోనే చుట్టి బీరువాలో ఉన్నాయి. మావారు వాటి ధర చూడడం మానేశారు.

మామయ్యగారు ఏప్రిల్‌లో వెళ్ళిపోయారు. ఉండమన్నాం, మామిడికాయల టైము అన్నారు. ఎయిర్‌పోర్టులో మనవడికి ఎస్సార్ బుక్కు అప్పజెప్పి, ఎక్కడిదాకా వచ్చిందో వేలు పెట్టి చూపించి, సంతకం పెట్టించుకుని మరీ వెళ్ళారు. ప్రతి ఆదివారం ఫోను. ముందు వాడితో లెక్కలు, తర్వాత కొడుకుతో, చివర్లో నాతో. మొన్న ఫోనులో, "అమ్మాయ్, ఆ వేళ నువ్వు పెట్టిన గోంగూరలో ఉప్పెక్కువైంది, చెబుదామనుకుని మర్చిపోయాను" అన్నారు. ఏ వేళో నాకైతే గుర్తులేదు.

నిన్న వాడు, వాళ్ళ నాన్న కలిసి డైముల పెట్టె తెచ్చారు. హాఫ్ డాలర్లయితే వెయ్యే, ఇవి రెండు వేల ఐదు వందలు, ఒక్కోటీ చిటికెన వేలి గోరంత. మావారికి ఆ సంవత్సరాలు కనబడడంలేదు, కళ్ళజోడు పైకెత్తి, కిందకి దించి అవస్థ పడుతున్నారు. ఇప్పటికి ఏడు వందలు చూశారట. ఒక్కటీ లేదు.